మూడో గదిలో పద్నాలుగు గుంటలు

నేను జైలుకు వెళ్లొచ్చినవాణ్ణి. ఈ మాట మా ఊళ్లో చాలామందికి చెప్పాను. చెప్పి కాసేపు ఆగుతాను. కళ్లజోడు తీసి, పంచె చెరగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంటాను. ఆ కాస్త వ్యవధిలో వినేవాళ్లు, నేనేదో ఉద్యమంలో లాఠీదెబ్బలు తిని ఉంటానని వాళ్లంతట వాళ్లే అనుకుంటారు. అనుకున్నాక కాదనడం మర్యాద కాదని ఊరుకుంటాను.

నిజానికి నేను జైల్లో ఉన్నది ఒక్క మధ్యాహ్నం. మూడు గంటలు. అదీ ఆడవాళ్ల జైల్లో. కోర్టు ముందు బల్ల వేసుకుని అర్జీలు రాసేవాణ్ణి నేను. ఒక ముద్దాయి చేత బెయిలు కాగితం మీద వేలిముద్ర వేయించుకోవడానికి లోపలికి వెళ్లాను. ఆ జైలుకంతటికీ ఒకే ఒక్క వార్డరమ్మ. నేను లోపలున్న సంగతి మరిచిపోయి గేటుకు తాళం వేసి, అన్నం తిని కునుకు తీయడానికి ఇంటికి పోయింది. ముద్దాయి నన్ను చూసి జాలిపడి తన చారన్నంలో సగం పెట్టింది. ఆ మూడు గంటలూ నిబ్బరంగా కూర్చున్నానని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. ఏడ్చాను. ఆడవాళ్ల జైల్లోంచి మగవాడు బయటికి రావడం ఎవరైనా చూస్తే నా బల్ల దగ్గరికి ఇక ఒక్కరూ రారని ఏడ్చాను.

ఆ ముద్దాయి గురించే ఇదంతా.

ముందు జైలు సంగతి చెప్పాలి. పెద్దదేమీ కాదు. తాలూకా కచేరీ వెనక నాలుగు గదులు, ఒక వసారా, ఒక బావి. గాలి ఇటు తిరిగితే సముద్రపు హోరు వినిపిస్తుంది. దొరల కాలంలో అది ఉప్పు కొట్టు. మడుల్లో తీసిన ఉప్పును చెమ్మ తగలకుండా దాచడానికి మందపాటి గోడలు కట్టారు. తర్వాత ఉప్పు పోయి మనుషులొచ్చారు. గోడల మందం మూడడుగులని మా నాయన చెప్పేవాడు. నేను నాలుగని చెబుతూ వచ్చాను. ఆ మధ్య ఎవరో టేపు పెట్టి కొలిస్తే రెండున్నర వచ్చింది.

అందులో నేరస్తులు తక్కువ, కోపిష్టివాళ్లు ఎక్కువ. గట్టు దగ్గరో, కొళాయి దగ్గరో మాటా మాటా పెరిగి, చేతిలో ఏది ఉంటే అది విసిరినవాళ్లే అందరూ. వాళ్లకు ఒక వాడుక ఉండేది. నాట్ల కాలం వస్తే కూలీలు దొరకరు. కొడవలూరు వైపు రైతులు ట్రాక్టరు వేసుకుని కోర్టుకు వచ్చి, ముఖం కూడా ఎరగని ఆడవాళ్లకు జామీను పడేవారు. 'ఈమె లేనిచో వృద్ధురాలైన అత్తగారికి గంజి పోయు దిక్కు లేదు' అని నేను రాసేవాణ్ణి. మేజిస్ట్రేటు కిటికీలోంచి ట్రాక్టరు వైపు చూసేవాడు, దాని మీది నారుకట్టల వైపు చూసేవాడు, సంతకం పెట్టేవాడు. నాట్లు కాగానే రైతు వచ్చి జామీను వెనక్కి తీసుకునేవాడు. ఆడవాళ్లు బురద కాళ్లతో మళ్లీ లోపలికి. ఏటా ముప్పైమంది అట్లా పోయి వచ్చేవారని ఒక పెళ్లి పందిట్లో చెబితే అందరూ నోళ్లు తెరుచుకుని విన్నారు. జరిగింది ఒక్కసారి. వెళ్లింది ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకామెకు రైతు పెట్టిన తిండి నచ్చక మర్నాడే తిరిగి వచ్చి, గేటు తీయమని వార్డరమ్మతో తగాదా పడింది. అయినా జరిగింది కదా.

నాకు చారన్నం పెట్టినామె మీద ఉన్న కేసు కాలవ లస్కరుది. అంటే వంతుల ప్రకారం పొలాలకు నీళ్లు వదిలే ఉద్యోగి. ఆమె వంతు పూర్తి కాకుండానే తూము తలుపు దించేశాడు. ఆమె పార కామతో, అంటే దాని కర్రతో, అతని చేతి మీద ఒక్కటి వేసింది. చెయ్యీ విరిగింది, కామా విరిగింది. నలభై ఒక్క రోజులు మూడో గదిలో ఒంటరిగా ఉంది. విడుదలయ్యాక సొంతూరికి పోలేదు. వార్డరమ్మ దగ్గరే జైలు వంటకు కుదిరింది. ఇక్కడే పెళ్లి చేసుకుంది. ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్లు. ఆమె మొదటి నుంచీ జైలు వంటమనిషేనని ఊరంతా అనుకుంది. కాదని తెలిసినవాళ్లం ఊళ్లో ముగ్గురం. వార్డరమ్మ, ఈమెను కట్టుకున్నవాడు, నేను. ఆ ఇద్దరూ కాలం చేశారు. మిగిలింది నేను. నా నోటి సంగతి తెలిసి ఎవరూ నాకు రహస్యాలు చెప్పరు. ఆమె కూడా చెప్పలేదు. అర్జీ రాసింది నేనే కాబట్టి తెలిసింది. కానీ మాట ఇచ్చాను, ఇన్నేళ్లుగా నిలబెట్టుకున్నాను. ఇందులో కోత ఏమీ లేదు. నేను దాచగలిగిన విషయం జీవితం మొత్తానికి ఇదొక్కటే.

ఆడ ముద్దాయిల్ని దూరంగా ఉన్న పెద్ద జైలుకు పంపడం మొదలయ్యాక మా జైలు మూతపడింది. కొన్నేళ్లు గబ్బిలాలున్నాయి. తర్వాత ఆమె, ఇంకో పదిమంది ఆడవాళ్లు పొదుపు సంఘం పెట్టుకుని, ఆ భవనం అడిగి తీసుకున్నారు. అందులో దోసెల పిండి రుబ్బుతారు. మొదట అందరూ నవ్వారు. ఆమె ఒంటికి మాత్రం ఆ గోడల సంగతి తెలుసు. రోహిణి కార్తెలో కూడా లోపల చల్లగా ఉంటుంది, రుబ్బిన పిండి సాయంత్రం దాకా పులవదు. మొదటి గదిలో బియ్యం, మినప్పప్పు నానుతాయి. రెండు, మూడు గదుల్లో గ్రైండర్లు. నాలుగో గదిలో పొట్లాలు కడతారు. కిటికీ ఊచలకు గరిటెలు వేలాడుతుంటాయి. ఊళ్లో దోసె ఎర్రగా, అంచు కరకరలాడుతూ వస్తే జైలు పిండి అంటారు. మూడో గది ఆమెది. అందులోకి ఇంకొకర్ని రానివ్వదు. గ్రైండరు పక్కన నేల మీద ఎప్పుడూ ఒక గోనెపట్టా పరిచి ఉంటుంది.

ఇట్లా ఉండగా, శ్రీహరికోటకు రాకెట్టు చూడటానికి పోయే జనం దారిలో దిగి చూడటానికి ఏదో ఒకటి ఉంటే బాగుండునని ఒక శాఖవాళ్లకు తోచింది. పాత కట్టడాల కథలు రాసుకురమ్మని ఒక చిన్న వయసు ఆఫీసరమ్మను పంపారు. ఊళ్లో అందరూ నన్ను చూపించారు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను.

ఆ వేళ మూడో గదామె లేదు, బియ్యం చూడటానికి మిల్లుకు పోయింది. మిగతావాళ్లు గ్రైండర్ల హోరులో మా మాటలు వినలేదు. ఆఫీసరమ్మ గది గది తిరిగి, మూడో గదిలో గోనెపట్టా ఎత్తి చూసి, ఇవేంటి తాతగారూ అని అడిగింది.

మీరు చూస్తే ఆ ప్రశ్న అడగరు. గచ్చు నేలలో రెండు వరసలు, వరసకు ఏడు గుంటలు, ఒక్కోటి పిడికెడు చింతగింజలు పట్టేంత. ఆ పిల్ల చిన్నప్పటి నుంచీ హాస్టళ్లలో పుస్తకాల మధ్య పెరిగింది. వామనగుంటల ఆట ఎన్నడూ చూడలేదు. చెబితే సరిపోయేది. ఎవరు తవ్వారని తర్వాత ప్రశ్న వస్తుందని, ఆ రహస్యం కాపాడటానికే అబద్ధమాడానని తర్వాత కొందరికి చెప్పాను. అదీ నిజం కాదు. ఆ పిల్ల పెన్ను మూత తీసింది. నేను ఆగలేకపోయాను. అంతే.

ఇవి ఉప్పుమడులమ్మా అన్నాను. ఉప్పు సత్యాగ్రహంలో పట్టుబడిన ఒక తల్లిని ఈ గదిలోనే పెట్టారన్నాను. బయట చేయనివ్వని ఉప్పును ఆమె లోపలే చేసిందన్నాను. చెలికత్తెలు తాగేనీళ్ల కుండలో సముద్రపు నీళ్లు తెచ్చిచ్చేవారు. ఆమె ఈ గుంటల్లో పోసేది. కిటికీలోంచి ఎండ పడి నీళ్లు ఇంకేవి. వారానికి ఏడు రోజులు కాబట్టి వరసకు ఏడు. రెండో వరస ఎందుకని ఆ పిల్ల అడిగింది. ఒక క్షణం తడబడ్డాను. ఒకటి ఉప్పుకు, ఒకటి ముతక ఉప్పుకు అన్నాను. అదీ రాసుకుంది. ఆ కిటికీ ఉత్తరం వైపుది. అందులోంచి ఎండ పడదు. ఆ గదిలో ఆ వేళప్పుడు కూడా లైటు వెలుగుతూనే ఉంది.

నెల తిరగకముందే కాగితం వచ్చింది. ఆమె పిండి చేతులతోనే మా ఇంటికి వచ్చి నా ఒళ్లో పడేసి, చదువన్నా అంది. ఆ భవనం స్మారకంగా మారబోతోందనీ, మూడో గది నేలకు అద్దం వేస్తారనీ, సంఘం వాళ్లు పదిహేను రోజుల్లో ఖాళీ చేయాలనీ ఉంది. వేరే చోటు ఇస్తామన్న మాట ఎక్కడా లేదు. చివరిదాకా చదివి, ఇంకొంచెం ఉంటే బాగుండునన్నట్టు కాగితం వెనక్కి తిప్పి చూశాను.

"ఉప్పు చేసిందెవరన్నా ఆడ?" అంది.

"ఒక తల్లి."

"ఏ తల్లి?"

నేను కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. ఆమె దగ్గర అది పనిచేయలేదు.

"నువ్వే చెప్పినావు. నువ్వే పోయి కాదని చెప్పు. పదిమంది కొంపలు దాని మీద ఆధారపడి ఉండాయి. నా సంగతి మాత్రం ఎత్తబాక. కోడళ్లుండారు, వియ్యాలవాళ్లుండారు. జైలు కూడు తిన్న మనిషని నన్నెవురూ అనకూడదు."

పని సులువే అనుకున్నాను. అబద్ధమాడటం కష్టం గానీ నిజం చెప్పడానికి ఏముంది. కానీ ఈలోగా నా అబద్ధానికి చుట్టాలొచ్చారు. బుచ్చిరెడ్డిపాలెం నుంచి ఒక కుటుంబం కారులో దిగి, ఆ సత్యాగ్రహి తమ ముత్తవ్వ అని చెప్పింది. ఆ ఇంటి పెద్దాయన ఒక పాత ఫోటో తెచ్చాడు. ముక్కుకు బేసరి, చేతిలో విసనకర్ర. గుంటల దగ్గర కొబ్బరికాయ కొట్టాడు. ఆ నీళ్లు మినప్పప్పులో పడి ఆ పూట పిండి పాడైంది. ముత్తవ్వ గురించి నన్ను అడిగారు. పొట్టిగా, కోపంగా ఉండేదని చెప్పాను. అచ్చం మా ఇంటి పోలికే అని ఆయన కళ్లు తుడుచుకున్నాడు. లేని మనిషికి పోలిక ఎట్లా కుదిరిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆఫీసుకు వెళ్లి, నేను చెప్పిందంతా కల్పన అని ఆఫీసరమ్మకు చెప్పాను. ఆ పిల్ల నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మజ్జిగ తెప్పించింది. ఎవరైనా బెదిరించారా తాతగారూ అని మెల్లగా అడిగింది. లేదన్నాను. బెదిరించినవాళ్లు అట్లాగే లేదని చెప్పిస్తారంది. ఫోటో కూడా దొరికాక మీరెందుకు వెనక్కి తగ్గుతున్నారంది. నేను అబద్ధాలకోరునమ్మా, ఊళ్లో ఎవర్నైనా అడుగు అన్నాను. ఊళ్లో అందరూ మీరు జైలుకు వెళ్లొచ్చిన త్యాగమూర్తి అన్నారే అంది. ఆ మాటకు నాకు లోపల కొంచెం సంతోషం వేసింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

లిఖితపూర్వకంగా ఇచ్చాను. నేను చెప్పినది అసత్యమని నాలుగు పేజీలు రాశాను. రెండు పేజీల్లో అయిపోయేదే. కానీ అసత్యాన్ని వర్ణిస్తూ పోయేసరికి అది ఇంకా బాగా వచ్చింది. దాన్ని కూడా చారిత్రక ఆధారంగా ఫైల్లో కలిపారని తర్వాత తెలిసింది.

ఖాళీ చేయాల్సిన రోజు వచ్చింది. ఆఫీసరమ్మ ఉదయమే వచ్చింది. వసారాలో గ్రైండర్లు మూటగట్టి ఉన్నాయి. పదిమంది ఆడవాళ్లు వాటి మీద కూర్చుని ఉన్నారు. ఆమె బావి దగ్గర నిలబడి ఉంది. నేను ఆఫీసరమ్మను మూడో గదిలోకి పిలిచి, జేబులోంచి చింతగింజలు తీసి గుంటల్లో పోసి, ఇది ఆటమ్మా అని చెప్పాను. ఆడి చూపించాను. ఎండ పడని కిటికీ చూపించాను. ఆ పిల్ల చాలాసేపు ఆ కిటికీ వైపు చూసింది. ముఖం ఎర్రబడింది.

"ఆట అయితే ఎవరో ఒకరు తవ్వి ఉండాలి కదా. ఎవరు తవ్వారు? ఎప్పుడు? మీరు మొదట ఒకటి చెప్పారు, ఇప్పుడు ఒకటి చెబుతున్నారు. తవ్వినవాళ్లు వచ్చి చెబితే నేను ఫైలు మార్చగలను. లేకపోతే నా వల్ల కాదు తాతగారూ."

గుమ్మం దగ్గర పదిమందీ చేరారు. నాకు జవాబు తెలుసు. నా జీవితంలో నాకు నిజంగా తెలిసిన జవాబు, అందరూ వినడానికి సిద్ధంగా ఉన్న జవాబు, ఆ ఒక్కటే. పెదాలు అదిమిపెట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో చెబితే పెంచి చెబుతాను, అందుకని చెప్పను.

వెనక నుంచి ఆమె వచ్చింది. చేతులు కడుక్కుని చీర చెంగుతో తుడుచుకుంటూ వచ్చి, గుంటల ముందు చతికిలబడింది.

"నేనే తవ్వినా మేడం. చారు గరిటె కాడతో. నలభై ఒక్క రోజులు ఈడ నేను ఖైదీని. పొద్దుపోక తవ్వుకున్నా. ఒక్కదాన్నే రెండు పక్కలా ఆడుకునేదాన్ని."

బావి గిలక మీద కాకి అరుస్తోంది. ఆఫీసరమ్మ ఏ కేసని అడిగింది. కాలవ, తూము తలుపు, పార కామ, లస్కరు చెయ్యి, అన్నీ ఉన్నవి ఉన్నట్టు చెప్పింది. నేను నలభై ఏళ్లు అర్జీలు రాశాను గానీ ఒక సంగతి అంత పొట్టిగా చెప్పవచ్చని నాకు తెలియదు.

అప్పుడు గుమ్మంలోంచి ఒకామె, ఏ కాలవ అక్కా అని అడిగింది. చెప్పింది. ఏ చెయ్యి అక్కా అని అడిగింది. కుడిచెయ్యి అని చెప్పింది.

"ఆయన మా మామ," అంది అడిగినామె. "ఎద్దు పొడిసిందని చెప్పిండాడే ఇంట్లో. ఇప్పటికీ ఎద్దు కనపడితే పక్కకు తప్పుకుంటాడు, మమ్మల్ని నమ్మించడానికి."

ముందు ఎవరో ముక్కుతో నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే. ఇంకొకామె, అందుకేనా అక్కా ఈ గది మాకు ఇయ్యంది అని నిష్ఠూరమాడింది. ఇన్నేళ్లూ ఈ గదిలో ఏదో పాతిపెట్టిందని వాళ్లు అనుకున్నారట. ఆమె నవ్వలేదు. తల వంచుకుని గింజలు సర్దుతూ ఉంది. నాకంటే పెద్ద కోతలరాయుడు పక్క ఊళ్లోనే ఉన్నాడని తెలిసిన రోజు అయినా, నాకు నవ్వు రాలేదు.

ఆఫీసరమ్మ పెన్ను మూత పెట్టి కింద కూర్చుంది. ఎట్లా ఆడాలి అని అడిగింది. ఆమె నేర్పింది. ఆ పిల్ల మూడుసార్లు ఓడిపోయింది. నాలుగోసారి గెలిచే వేళకు డ్రైవరు హారను కొట్టాడు. పర్వాలేదు, ఆగమని చెయ్యి ఊపింది. ఆడవాళ్లు అంతకుముందే గ్రైండర్ల తాళ్లు విప్పడం మొదలుపెట్టారు.

భవనంలో చెప్పుకోదగిన చారిత్రక విశేషం ఏదీ లేదని ఫైలు మారింది. బుచ్చిరెడ్డిపాలెం పెద్దాయన ఫోటో వెనక్కి తీసుకుపోయాడు. మా ముత్తవ్వ ఇంకేదో జైల్లో ఉండి ఉంటుంది, వెతుకుతాను అన్నాడు. నేను సాయం చేస్తానన్నాను. మా ఆవిడ నా కాలు తొక్కింది.

ఊరంతటికీ తెలిసింది. పెద్ద కోడలు ఏమీ అనలేదు. చిన్న కోడలు మూడు రోజులు అత్తతో మాట్లాడలేదు. నాలుగో రోజు కొళాయి దగ్గర ఎవరో బిందె అడ్డం పెడితే, మా అత్త ఎవరనుకున్నావు అని అడిగిందట. బిందె పక్కకు జరిగిందట. సాయంత్రం అత్తాకోడళ్లు కలిసి పిండి పొట్లాలు కట్టారు.

ఆ తర్వాత ఇంకో కాగితం వచ్చింది, ఇంకో ఆఫీసు నుంచి. ప్రభుత్వ భవనపు నేలలో పద్నాలుగు గుంటలు తవ్వినట్టు ఫైలు ద్వారా తెలిసినందున, అందుకు కారణం ఏడు రోజుల్లో తెలియజేయవలసిందిగా ఆమె పేరిట మెమో. ఆమె దాన్ని నా బల్ల మీద పెట్టి ఎదురుగా కూర్చుంది. నేను పెన్ను తీశాను. అప్పటి మానసిక వేదన, ఏకాంతవాసపు క్షోభ, నిరుపేద వ్యవసాయ నేపథ్యం అంటూ మొదలుపెట్టి రెండో పేజీకి వచ్చాను. ఆమె కాగితం లాక్కుని, నిలువునా చించి, కొత్తది పెట్టింది.

"నేను చెప్తా, నువ్వు రాయన్నా. ఆ గుంటలు తవ్వింది నేనే. ఆడుకోవడానికి. అయ్యి అట్టనే ఉంటాయి. అంతే. కింద నా పేరు రాయి."

రాశాను. సంఘం పెట్టాక సంతకం నేర్చుకుంది, ఒక్కో అక్షరం నొక్కి పెట్టింది. ఆ కాగితంలో నా సొంత మాట ఒక్కటి కూడా లేదు.

పైన 'గౌరవనీయులైన' అని ఒకటి చేర్చాను. ఆమె చూడలేదు.